పెద్ద కుర్చీలో తొలి ఏడాది



ఏళ్ల తరబడి ఒక జట్టును నడిపిన గొప్ప గురువు ఒకరోజు ఇక చాలని పక్కకు తప్పుకుంటాడు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవాలి. పెద్ద సంసారం నడిపిన అత్తగారి చేతి నుంచి తాళంచెవులు అందుకున్న కోడలి పరిస్థితి లాంటిదే అది. పప్పులో ఉప్పు తగ్గినా, పండక్కి పిండివంట ఒకటి తగ్గినా, ఆవిడ ఉన్నప్పుడు ఇలా ఉండేదా అన్న మాట ఏదో ఒక మూల నుంచి వినబడుతుంది. ఆ మాట చెవిన పడుతూ ఉండగా తన పని తాను చేసుకుపోవడం అందరికీ సాధ్యమయ్యేది కాదు.

అలాంటి కుర్చీలో కూర్చున్న ఒక మనిషి గురించి, ఆయన తొలి ఏడాది గురించి ఇవాళ మీతో మాట్లాడతాను. ఆట బాస్కెట్‌బాల్. జట్టు అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానిది. మనిషి పేరు హ్యూబర్ట్ డేవిస్. కాలం 2021 నవంబరు నుంచి 2022 ఏప్రిల్ దాకా. కొత్త కోచ్‌ను బేరీజు వేయాల్సింది అతని గెలుపుల పట్టిక చూసి కాదని, ఓడిపోయిన మర్నాడు అతను ఎవరిని మళ్లీ కోర్టులోకి పంపాడో చూడాలని నేను నమ్ముతాను. ఆ నమ్మకానికి ఈ ఐదు నెలల కథకు మించిన సాక్ష్యం నాకు కనబడలేదు.

ముందు ఆ ఊరి సంగతి. విశ్వవిద్యాలయం ఉన్న చాపెల్ హిల్ చిన్న పట్టణం. ఈ విశ్వవిద్యాలయం 1789లో ఏర్పడింది, 1795లో తలుపులు తెరిచింది. అమెరికాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నిటి కంటే ముందు విద్యార్థులను చేర్చుకున్నది ఇదే. పక్కనే డర్హమ్, ఇంకొంచెం దూరంలో రాష్ట్ర రాజధాని రాలీ. ఈ మూడు ఊళ్ల మధ్య పరిశోధన సంస్థలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెరిగాయి. వాటిని వెతుక్కుంటూ వెళ్లిన మన తెలుగు కుటుంబాలు కేరీ, మోరిస్‌విల్ పట్టణాల్లో ఎన్నో స్థిరపడ్డాయి. కేరీలో వేంకటేశ్వరస్వామి గుడి కూడా ఉంది. అక్కడ పెరుగుతున్న మన పిల్లలకు చిన్నప్పుడే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. నువ్వు కరోలినా వైపా, డ్యూక్ వైపా? ఆకాశనీలం రంగు కరోలినాది, ముదురు నీలం డ్యూక్‌ది. రెండు విశ్వవిద్యాలయాల మధ్య దూరం పదిహేను, పదహారు కిలోమీటర్లు. అమెరికా కళాశాల క్రీడల్లో ఇంతకు మించిన పోటీ లేదని చాలామంది అంటారు.

ఇక ఆ కుర్చీకి ఉన్న వంశవృక్షం చూద్దాం. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టింది జేమ్స్ నైస్మిత్. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో, చలికాలంలో కుర్రాళ్లు నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి ఈ ఆట తయారుచేశాడు. మన వైపు ఈ ఆట వేళ్లూనుకోవడంలోనూ వై.ఎం.సి.ఏ. పాత్ర పెద్దది. 1920లో మద్రాసులో హారీ క్రో బక్ స్థాపించిన వై.ఎం.సి.ఏ. శారీరక విద్యా కళాశాలలో తయారైన వ్యాయామ ఉపాధ్యాయులు దక్షిణాదిలో ఎన్నో బడులకు ఆటలు నేర్పారు. నైస్మిత్ 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడి మొదటి కోచ్ అయ్యాడు. ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్. అలెన్ జట్టు 1952లో జాతీయ విజేత అయినప్పుడు అందులో ఒక ఆటగాడు డీన్ స్మిత్. ఆ స్మిత్ 1961లో నార్త్ కరోలినాకు హెడ్ కోచ్ అయ్యాడు. 36 ఏళ్లు అక్కడే ఉండి 879 మ్యాచ్‌లు గెలిపించాడు. మైకేల్ జోర్డన్ ఆయన దగ్గర ఆడినవాడే. నల్లజాతి ఆటగాడు చార్లీ స్కాట్‌కు 1960లలో స్కాలర్‌షిప్ ఇచ్చి, ఆ విశ్వవిద్యాలయ క్రీడల్లో అంతదాకా మూసి ఉన్న తలుపు తీసిందీ ఆయనే.

ఇంత పెద్దమనిషి 1997లో తప్పుకున్నాక ఏమైంది? మొదట ఆయన చిరకాల సహాయకుడు బిల్ గథ్రిడ్జ్ మూడేళ్లు బాగానే నడిపాడు. తరవాత మాట్ డోహర్టీ వచ్చాడు. ఆయనా పరాయివాడు కాదు. 1982లో జోర్డన్‌తో కలిసి జాతీయ విజేత అయిన జట్టులోనే ఆడాడు. కానీ అంతకుముందు నోటర్‌డామ్‌లో తనతో పనిచేసిన సహాయకులను వెంట తెచ్చుకున్నాడు, చాపెల్ హిల్‌లో ఏళ్ల నుంచి ఉన్నవాళ్లు వెళ్లిపోవలసి వచ్చింది. మొదటి ఏడాది జట్టు 26 గెలిచింది. రెండో ఏడాది ఎనిమిదే గెలిచి 20 ఓడింది. 2003లో డోహర్టీ దిగిపోయాడు. అప్పుడు కాన్సస్‌లో కోచ్‌గా ఉన్న రాయ్ విలియమ్స్‌ను పిలిపించారు. ఈయన స్మిత్ దగ్గర పదేళ్లు సహాయకుడిగా ఉన్నవాడు. 2005, 2009, 2017 సంవత్సరాల్లో మూడు జాతీయ టైటిళ్లు తెచ్చాడు. 2021 ఏప్రిల్ 1న విలియమ్స్ తన విరమణ ప్రకటించాడు. ఏప్రిల్ ఒకటో తేదీ కావడంతో చాలామంది ముందు నమ్మలేదు.

నాలుగు రోజుల తరవాత, ఏప్రిల్ 5న, ఆ కుర్చీ హ్యూబర్ట్ డేవిస్‌కు ఇచ్చారు. అప్పటిదాకా ఆయన ఎక్కడా కళాశాల ప్రధాన జట్టుకు హెడ్ కోచ్‌గా పనిచేయలేదు. తొమ్మిదేళ్లు విలియమ్స్ పక్కన సహాయకుడు, అంతకుముందు టీవీలో ఆట విశ్లేషకుడు. నార్త్ కరోలినా పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు మొట్టమొదటి నల్లజాతి హెడ్ కోచ్ ఆయనే.

డేవిస్ స్వభావం అర్థం కావాలంటే ఆయన కుర్రతనం కొంచెం తెలియాలి. పదహారేళ్ల వయసులో తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. కరోలినాలో ఆడాలని ఆ కుర్రాడి కోరిక. డీన్ స్మిత్ మాత్రం, నువ్వు ఈ స్థాయిలో ఆడగలవని నాకు నమ్మకం లేదని మొహం మీదే చెప్పాడు. చెప్పీ అవకాశం ఇచ్చాడు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ కుర్రాడు జట్టులో ముఖ్యుడయ్యాడు. 1992లో వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్.బి.ఏ.లోని న్యూయార్క్ నిక్స్ జట్టు, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వేళ మొదటి రౌండ్‌లోనే అతన్ని తీసుకుంది. 12 సీజన్లు ఎన్.బి.ఏ.లో ఆడాడు. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో ఆయన సగటు 44.1 శాతం, ఆ లీగ్ చరిత్రలోనే ముందు వరుసలో నిలిచే లెక్క. తనమీద అనుమానం ఉన్నా కోర్టులోకి పంపిన గురువు దగ్గర పెరిగిన మనిషి, తాను గురువైనప్పుడు ఏం చేస్తాడు? ఈ సీజన్‌లో తేలవలసింది అదే.

ఆయన చేతికొచ్చిన జట్టు అంత గొప్ప స్థితిలో లేదు. అంతకుముందు సీజన్‌లో 18 గెలిచి 11 ఓడింది. జాతీయ టోర్నమెంటు తొలి మ్యాచ్‌లోనే విస్కాన్సిన్ చేతిలో 23 పాయింట్ల తేడాతో పోయింది. వేసవిలో పొడగరి ఆటగాళ్లు ముగ్గురు వెళ్లిపోయారు. ఒకరు ఎన్.బి.ఏ.కి, ఇద్దరు వేరే విశ్వవిద్యాలయాలకు.

డేవిస్ మొదట సహాయకులను ఎంచుకున్నాడు. అందరూ కరోలినా జట్టులో ఆడినవాళ్లే. జెఫ్ లీబో, పాట్ సలివన్ ఆయనతో కలిసి ఆడారు, షాన్ మే 2005 విజేత జట్టులో ప్రధాన ఆటగాడు. ఇల్లు తెలిసినవాళ్లతో ఇల్లు సర్దడం మొదలుపెట్టాడు. కానీ ఆట తీరు మాత్రం మార్చాడు. విలియమ్స్ ఎప్పుడూ ఇద్దరు ఎత్తరి ఆటగాళ్లను బుట్ట దగ్గర నిలిపేవాడు. డేవిస్ ఒక్కడినే అక్కడ ఉంచి, రెండోవాడిని గీత అవతలికి, మూడు పాయింట్ల షాట్ వేసే చోటుకి పంపాడు. అందుకోసం ఒక్లహోమా విశ్వవిద్యాలయం నుంచి బ్రేడీ మానెక్‌ను తెచ్చుకున్నాడు. బారెడు గడ్డంతో ఉండే ఈ కుర్రాడు పొడగరి, అయినా దూరం నుంచి గురి తప్పడు. గురువుగారి మనుషులను దగ్గర పెట్టుకుని గురువుగారి పద్ధతిని సవరించడానికి చాలా ధైర్యం కావాలి. డోహర్టీ ఈ పనినే తిరగేసి చేశాడు.

ఇంకొక పని కూడా చేశాడు. ఆ ఏడాది జాతీయ సెమీఫైనల్స్, ఫైనల్ న్యూ ఆర్లీన్స్‌లోని సూపర్‌డోమ్ స్టేడియంలో జరగబోతున్నాయి. సీజన్ మొదలవక ముందే ఆ స్టేడియం బొమ్మను ఆటగాళ్ల లాకర్లలో పెట్టించాడు. రోజూ బట్టలు మార్చుకునేటప్పుడు కళ్లబడాలని.

సీజన్ మొదలైంది. దెబ్బలూ మొదలయ్యాయి. నవంబరులో వరసగా రెండు రోజుల్లో పర్‌డ్యూ చేతిలో, టెనెసీ చేతిలో ఓటమి. డిసెంబరులో కెంటకీ చేతిలో 98–69. జనవరిలో మయామీ చేతిలో 85–57, నాలుగు రోజులకే వేక్ ఫారెస్ట్ చేతిలో 98–76. ఈ చివరి మూడూ పోరాడి పోయిన మ్యాచ్‌లు కావు. ఇరవై, ముప్పై పాయింట్ల తేడాతో కుప్పకూలినవి. ఇదే సమయంలో డాసన్ గార్సియా అనే ముఖ్య ఆటగాడు ఇంట్లో వాళ్ల ఆరోగ్యం బాగాలేక జట్టు వదిలి ఇంటికి వెళ్లాడు. ఫిబ్రవరి 5న సొంత కోర్టులో డ్యూక్ చేతిలో 87–67. ఆ రోజు డ్యూక్ కుర్రాడు ఎ.జె. గ్రిఫిన్ ఒక్కడే 27 పాయింట్లు కొట్టాడు. అంతటితో అయిపోలేదు. ఫిబ్రవరి 16న, ఆ ఏడాది బలహీనంగా ఉన్న పిట్స్‌బర్గ్ జట్టు చాపెల్ హిల్‌కే వచ్చి 76–67తో గెలిచి వెళ్లింది.

ఆ రాత్రి కరోలినా అభిమానులు ఎలా ఉండి ఉంటారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. క్రికెట్ జట్టు ఓడిన రాత్రి మన వీధులు మనకు తెలుసు. మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంటుకు పిలుపు వస్తుందా రాదా అన్న అనుమానం పట్టుకుంది. ఇలాంటప్పుడు కొత్త కోచ్‌కు చేతికందే ఉపాయం ఒకటుంది. జట్టును మార్చేయడం. ఇద్దరిని బెంచి మీద కూర్చోబెట్టి, కొత్తవాళ్లను దింపి, నేనేదో చేస్తున్నానని లోకానికి చూపించడం.

డేవిస్ ఆ పని చేయలేదు. అదే ఐదుగురితో ముందుకు వెళ్లాడు. బుట్ట కింద అర్మాండో బేకాట్, బంతి నడిపే కేలబ్ లవ్, కోచ్‌తో ఇంటి పేరు తప్ప బంధుత్వం లేని ఆర్.జె. డేవిస్, ఎదుటి జట్టులో ప్రమాదకరమైనవాడిని కాపు కాసే లీకీ బ్లాక్, గడ్డం మానెక్. మ్యాచ్ నలభై నిమిషాలైతే వీళ్లు దాదాపు అంతసేపూ కోర్టులోనే ఉండేవారు. అభిమానులు వీళ్లకు ఐరన్ ఫైవ్ అని పేరు పెట్టారు. ఈ ఐదుగురిలో లవ్ సంగతి చెప్పాలి. అతని చేయి ఒకరోజు పలుకుతుంది, ఒకరోజు పలకదు. పలకని రోజు కూడా వరసగా షాట్లు వేస్తూనే ఉంటాడు. చాలామంది కోచ్‌లు అతన్ని కట్టడి చేసేవారు. డేవిస్ చేయలేదు. మంచి షూటర్లు వరసగా నాలుగు తప్పినా ఐదోది వేస్తారని, వేయాలనీ సొంత అనుభవంతో ఎరిగినవాడాయన.

పిట్స్‌బర్గ్ ఓటమి తరవాత ఆ ఐదుగురు తమ ప్రాంతీయ లీగ్‌లో ఆడిన ఐదు మ్యాచ్‌లూ గెలిచారు. ఆ ఐదోది మార్చి 5న డ్యూక్ సొంత కోర్టులో జరిగింది.

ఆ రోజు ప్రత్యేకత కొంత చెప్పాలి. డ్యూక్ కోచ్ మైక్ షిషెఫ్‌స్కీ 1980 నుంచి ఆ జట్టును నడుపుతున్నాడు. ఐదు జాతీయ టైటిళ్లు గెలిచాడు. ఆ సీజన్‌తో విరమిస్తానని ముందే ప్రకటించాడు. సొంత కోర్టులో ఆయన ఆఖరి మ్యాచ్ అది. ఆయన దగ్గర ఆడిన పాత శిష్యులు 90 మందికి పైగా వచ్చారు. మ్యాచ్ అయ్యాక సన్మానం ఏర్పాటు చేశారు. కరోలినా ఆ వేడుకకు అతిథిలా వచ్చి ఓడి వెళ్తుందనే అందరూ అనుకున్నారు. కానీ రెండో సగంలో ఆకాశనీలం జట్టు కుర్రాళ్లు ఊపు అందుకున్నారు. బేకాట్ 23, లవ్ 22, ఆర్.జె. డేవిస్ 21, మానెక్ 20. ఐదుగురిలో నలుగురు ఇరవై, ఆపైన కొట్టారు. కరోలినా 94, డ్యూక్ 81. నెల రోజుల కిందట తమ గడపలో ఇరవై పాయింట్లతో ఓడించిన జట్టును వాళ్ల గడపలో పదమూడు పాయింట్లతో ఓడించారు. కోర్టులో ఉన్నది అవే మొహాలు. మారిందల్లా వాళ్ల ధీమా.

అప్పుడు మొదలైంది అసలు పరీక్ష, అమెరికా అంతా మార్చ్ మ్యాడ్‌నెస్ అని పిలుచుకునే జాతీయ టోర్నమెంటు. 68 జట్లు, ఒక్క ఓటమితో ఇంటికి. నాలుగు ప్రాంతాలు, ఒక్కో ప్రాంతంలో ఒకటి నుంచి పదహారు దాకా సీడ్లు. కరోలినాకు ఎనిమిదో సీడ్ దక్కింది. అంటే దేశంలో ముప్ఫై జట్ల దరిదాపుల్లో ఎక్కడో ఉన్నారని లెక్క. మొదటి మ్యాచ్‌లో మార్కెట్ విశ్వవిద్యాలయాన్ని 95–63తో చిత్తుచేశారు. రెండో మ్యాచ్ బేలర్‌తో. బేలర్ అంతకుముందు ఏడాది జాతీయ విజేత, ఈసారి ఒకటో సీడ్.

ఈ మ్యాచ్ దగ్గర కొంచెం ఆగుదాం. ఆ సీజన్ మొత్తం ఇందులో కనబడుతుంది. ఇంకా పది నిమిషాల ఆట ఉండగా కరోలినా 67, బేలర్ 42. పాతిక పాయింట్ల ఆధిక్యం. అప్పుడు మానెక్ మోచెయ్యి ఎదుటి ఆటగాడికి తగిలింది. రిఫరీలు చూసి అతన్ని బయటికి పంపేశారు. అప్పటికి 26 పాయింట్లు కొట్టి ఉన్నాడు. బేలర్ కోర్టు పొడవునా మీదపడి కరోలినా వాళ్లను బంతి దాటనివ్వలేదు. తరవాత లవ్ ఐదు ఫౌళ్లు పూర్తయి బయటికి వెళ్లాడు. ఐదుగురిలో ఇద్దరు లేరు. ఆధిక్యం ఇరవైకి, పదికి, ఐదుకి కరిగింది. ఆట ముగిసేసరికి 80–80. ఇలా పాతిక పాయింట్లు చేజార్చుకున్న జట్టు ఓవర్‌టైమ్‌లో నిలబడటం అరుదు. మనసు అప్పటికే ఓడిపోతుంది. కానీ జనవరిలో మయామీలో, వేక్ ఫారెస్ట్‌లో కూలిపోయి మర్నాడు లేచి ప్రాక్టీసుకు వెళ్లినవాళ్లు వీళ్లు. కూలడం వీళ్లకు కొత్త కాదు, లేవడమూ కొత్త కాదు. బెంచి మీది కుర్రాళ్లు లేచి వచ్చి బరువు పంచుకున్నారు. ఆర్.జె. డేవిస్ 30 పాయింట్లు కొట్టాడు. కరోలినా 93, బేలర్ 86.

తరవాత ఫిలడెల్ఫియాలో యు.సి.ఎల్.ఏ.తో మ్యాచ్. లవ్ మొదటి సగంలో మూడే పాయింట్లు కొట్టాడు. కోచ్ అతన్ని పక్కన పెట్టలేదు. రెండో సగంలో 27 కొట్టాడు. 73–66తో గెలిచారు. రెండు రోజులకు, పెద్ద జట్లను ఒకదాని వెంట ఒకటి ఓడించి దేశం మనసు దోచుకున్న చిన్న కళాశాల సెయింట్ పీటర్స్ ఎదురైంది. పదిహేనో సీడ్‌తో అంత దూరం వచ్చిన జట్టు చరిత్రలో అంతకుముందు లేదు. బేకాట్ 20 పాయింట్లు కొట్టి, 22 రీబౌండ్లు, అంటే గురి తప్పి తిరిగొచ్చిన బంతులు, అందుకుని ఆ దారి మూసేశాడు. 69–49. గంట మోగగానే హ్యూబర్ట్ డేవిస్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. లాకర్లో బొమ్మగా ఉన్న సూపర్‌డోమ్‌కు ఇప్పుడు నిజంగా వెళ్తున్నారు.

అక్కడ సెమీఫైనల్‌లో ఎదురైంది ఎవరు? డ్యూక్! వంద ఏళ్లుగా పోటీపడుతున్న ఈ రెండు జట్లు జాతీయ టోర్నమెంటులో ఎన్నడూ ఎదురుపడలేదు. మొదటిసారి ఎదురుపడ్డది షిషెఫ్‌స్కీ ఆఖరి టోర్నమెంటులో, డేవిస్ మొదటి టోర్నమెంటులో. 2022 ఏప్రిల్ 2 శనివారం. ఆధిక్యం అటూ ఇటూ పద్దెనిమిదిసార్లు మారింది. ఫిబ్రవరిలో 27 కొట్టిన గ్రిఫిన్‌కు ఈసారి లీకీ బ్లాక్ నీడలా అంటుకున్నాడు. గ్రిఫిన్ ఆరు పాయింట్ల దగ్గరే ఆగిపోయాడు. బ్లాక్ పేరు పత్రికల్లో పెద్ద అక్షరాల్లో పడదు. కోచ్ ఒకడి చేతిలో ఒక పని పెట్టి, ఇది నీదే, ఎవరికీ ఇవ్వను అంటే అతను ఎంతగా ఎదుగుతాడో తెలియాలంటే అతన్ని చూడాలి. 21 రీబౌండ్లు తీసిన బేకాట్ చీలమండ మడతపడింది, కుంటుతూనే తిరిగొచ్చాడు, చివర్లో ఐదో ఫౌల్‌తో వెళ్లిపోయాడు. అర నిమిషం కూడా మిగలనప్పుడు లవ్ ఎదురుగా ఉన్న పొడగరి మీదుగా మూడు పాయింట్ల షాట్ వేశాడు. పడింది. అతనికి ఆ రోజు 28 పాయింట్లు. కరోలినా 81, డ్యూక్ 77. నలభై రెండు సీజన్ల షిషెఫ్‌స్కీ ప్రస్థానం అక్కడ ముగిసింది.

ఫైనల్ ఏప్రిల్ 4న, కాన్సస్‌తో. ఇందాక చెప్పిన వంశవృక్షం గుర్తుందా? నైస్మిత్ తొలి కోచ్‌గా ఉన్నది కాన్సస్‌లోనే, డీన్ స్మిత్ చదువుకున్నది కాన్సస్‌లోనే. ఇంకొక ముడి కూడా ఉంది. 2003లో రాయ్ విలియమ్స్ కాన్సస్ వదిలినప్పుడు ఆయన కుర్చీలో కూర్చున్నది బిల్ సెల్ఫ్. 2021లో ఆయన కరోలినా వదిలినప్పుడు కూర్చున్నది డేవిస్. ఒకే మనిషి ఖాళీచేసిన రెండు కుర్చీల వారసులు ఆ రాత్రి ఎదురెదురుగా నిలిచారు. 1982లో కుర్రవాడైన జోర్డన్ షాట్‌తో డీన్ స్మిత్‌కు తొలి టైటిల్ వచ్చిందీ, 1993లో రెండోది వచ్చిందీ ఇదే సూపర్‌డోమ్‌లో.

దాదాపు డెబ్భై వేలమంది చూస్తుండగా మొదటి సగం ముగిసేసరికి కరోలినా 40, కాన్సస్ 25. ఇక రెండో సగంలో అలసట అడ్డుపడింది. కాన్సస్ పరుగులు పెట్టింది. ఆధిక్యం చూస్తుండగానే ఎగిరిపోయింది. బెంచి నుంచి వచ్చిన పఫ్ జాన్సన్ 11 పాయింట్లతో నిలబెట్టాడు. ఒక నిమిషం నలభై సెకన్లు ఉండగా మానెక్ బంతిని తట్టి బుట్టలో వేస్తే 69–68తో కరోలినా మళ్లీ ముందుకొచ్చింది. కాన్సస్ పొడగరి డేవిడ్ మెకార్మాక్ ఒక షాట్, మరో షాట్ వేశాడు. 72–69. ఆఖరి నిమిషంలో బేకాట్ చీలమండ మళ్లీ మడతపడి కోర్టు వదిలాడు. ఆఖరి మూడు పాయింట్ల షాట్ లవ్ వేశాడు, అందలేదు. ఫైనల్ చరిత్రలో కాన్సస్‌లా పదహారు పాయింట్లు వెనకబడి గెలిచిన జట్టు అంతకుముందు లేదు.

ఆ రాత్రి లవ్ 24 షాట్లు వేస్తే ఐదే పడ్డాయి. ఆఖరి షాట్ కూడా అతనికే ఎందుకిచ్చావని డేవిస్‌ను అడగవచ్చు. ఐదుగురినే అంతగా నమ్ముకోవడం వల్లే కాళ్లు అలసిపోయాయనీ అనవచ్చు. అందులో కొంత నిజం ఉందని నేనూ ఒప్పుకుంటాను. నమ్మకానికి ఖరీదు ఉంటుంది. ఫైనల్ దాకా తెచ్చిన నిర్ణయమే ఫైనల్లో భారం కూడా అయింది. కానీ యు.సి.ఎల్.ఏ. మీద ఇరవయ్యేడు కొట్టిన చేయీ, డ్యూక్ మీద ఆ షాట్ వేసిన చేయీ అదే కదా! మంచిరోజున వాడుకుని చెడ్డరోజున తీసి పారేసేది నమ్మకం కాదు.

బేకాట్ గురించి ఒక మాట. ఒకే మ్యాచ్‌లో పాయింట్లలోనూ రీబౌండ్లలోనూ పదికి చేరితే దాన్ని డబుల్ డబుల్ అంటారు. జాతీయ టోర్నమెంటులో ఆడిన ఆరు మ్యాచ్‌లలోనూ అది సాధించిన మొదటి ఆటగాడు అతనే. సీజన్ మొత్తం మీద అలాంటివి 31. దానితో డేవిడ్ రాబిన్సన్ రికార్డును సమం చేశాడు. ఫైనల్లో ఒంటికాలి మీద ఆడి 15 పాయింట్లు, 15 రీబౌండ్లు తీశాడు. జట్టు మొత్తం లెక్క 29 గెలుపులు, 10 ఓటములు.

ఇక్కడితో ఆపేస్తే నేను మీకు సగమే చెప్పినట్టు. మరుసటి సీజన్‌లో మానెక్ తప్ప మిగతా నలుగురూ తిరిగి వచ్చారు. సీజన్ మొదట్లో పాత్రికేయుల ఓటింగ్‌లో కరోలినాకే దేశంలో మొదటి స్థానం. ఆ జట్టే 20 గెలిచి 13 ఓడి జాతీయ టోర్నమెంటుకు కూడా అర్హత పొందలేదు. 1985లో టోర్నమెంటు 64 జట్లకు పెరిగాక మొదటి స్థానంతో మొదలుపెట్టిన ఏ జట్టుకూ అలా జరగలేదు. లవ్ వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ఆ తరవాతి ఏడాది, 2023–24లో, జట్టు మళ్లీ 29 గెలిచి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది, ఒకటో సీడ్ పొందింది. ఆర్.జె. డేవిస్ ఆ లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు.

కాబట్టి నమ్మకం ఒకసారి వేసుకుంటే సరిపోయే టీకా కాదు. ప్రతి జట్టుకూ, ప్రతి ఏడాదీ కొత్తగా పెంచాల్సిందే. మొదటి ఏడాది పనిచేసింది ఐదుగురి మీద నమ్మకం ఒక్కటే కాదు. దానికింద ఇంకొన్ని ఉన్నాయి. మానెక్ లాంటి కొత్తవాడికి జట్టులో చోటు కల్పించడం, బ్లాక్ లాంటివాడికి స్పష్టమైన పని అప్పజెప్పడం, పాత ఇంటి మనుషులను దూరం చేసుకోకుండా ఆట తీరు మార్చడం. అన్నిటినీ మించి, ఎనిమిది ఓటముల తరవాత కూడా సెలవిచ్చి పంపకుండా అదే కుర్రాళ్ల మొహంలో మొహం పెట్టి మాట్లాడటం.

మన కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో కూడా ఏటా అంతర్ కళాశాల పోటీలు జరుగుతాయి. ఏటా ఎక్కడో ఒకచోట కొత్త కోచ్, కొత్త ఫిజికల్ డైరెక్టర్ వస్తారు. వచ్చిన మొదటి పోటీలో జట్టు ఓడగానే ఆయన పని అయిపోయిందనేస్తాం. ప్రిన్సిపాళ్లకూ, యాజమాన్యాలకూ, తల్లిదండ్రులకూ నా విన్నపం ఒక్కటే. ఆ కోచ్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ప్రతి ఆటగాడికీ తన పని ఏమిటో తెలుసా? ఓడిన మర్నాడు ప్రాక్టీసుకు ఎంతమంది వచ్చారు? ఆ ఓటమిలో అందరికంటే ఎక్కువ తప్పులు చేసిన కుర్రాడితో మీరు ఏం మాట్లాడారు? ఈ మూడింటికీ ఆయన దగ్గర జవాబు ఉంటే, పట్టికలో ఓటములు ఎన్ని ఉన్నా ఆయనకు ఇంకొక ఏడాది ఇవ్వండి. కుర్రాళ్లకు ఆట నేర్పడానికి ఒక సీజన్ చాలవచ్చు. ఓడినా మనల్ని వదలని మనిషి ఒకడున్నాడని వాళ్లు నమ్మడానికి మాత్రం అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది, ఆ కాలం ఇవ్వగలిగింది మీరే.